అమ్మ దగ్గు, నా కటింగ్ మిషను, ఒక పెయింట్ డబ్బా

"ఇంట్లో దుమ్ము లేచే పని ఏమన్నా చేస్తారామ్మా?" అని అడిగాడు డాక్టరు.

"ఏం లేద్ సార్, మా ఇంట్ల ఏం దుమ్ముంటది" అంది అమ్మ, ఒక్క సెకను కూడా ఆలోచించకుండా.

నేను పక్కనే కూర్చున్నాను. నా చొక్కా జేబు అంచుకి అప్పటికింకా టేకు పొట్టు అంటుకునే ఉంది. పొద్దున పూటే రెండు పలకలు కోసి, చేతులు కడుక్కుని, అమ్మని బండి మీద ఎక్కించుకుని వచ్చాను మరి. ఆయన నా వైపు చూశాడో లేదో తెలీదు గానీ, నేనైతే జేబు మీద చెయ్యి పెట్టుకుని దులపబోయి ఆగిపోయాను. ఇక్కడ దులిపితే ఇక్కడే లేస్తుంది కదా!

ఇన్‌హేలర్ డోసు పెంచి పంపించాడు. బయటికొచ్చాక "ఎందుకమ్మా అబద్ధం చెప్పావు?" అంటే, "నీకున్నదే ఆ ఒక్క సరదా. డాక్టరు బంద్ పెట్టుమంటడు. అదెందుకు?" అంది. ఇంక నేనేం మాట్లాడతాను?

సరే, మొదటినుంచీ చెప్తాను. మాది హనుమకొండ. వారానికి రెండు రోజులు హైదరాబాదు ఆఫీసు, మిగతా మూడు రోజులు ఇంటినుంచే పని. 2021 లాక్‌డౌన్‌లో అందరూ కేకులు చేస్తుంటే నేను చెక్కపని మొదలుపెట్టాను. పాత ఇళ్ళు కూల్చిన చోట టేకు దర్వాజాలు, కిటికీ చట్రాలు అమ్ముతారు. కొత్త టేకు ధర వింటే కళ్ళు తిరుగుతాయి గానీ ఈ పాత కర్ర మాత్రం మన అందుబాటులోనే ఉంటుంది. పైగా యాభై అరవై ఏళ్ళు ఎండిన కర్ర, వంకర పోదు. మొదట ఒక స్టూలు చేశాను. నాలుగు కాళ్ళూ నాలుగు పొడవులు. తర్వాత అమ్మకి పప్పు డబ్బాలు పెట్టుకునే అల్మరా. అలా అలా వెనకాల రేకుల షెడ్డు నా వర్క్‌షాప్ అయిపోయింది. పది అడుగులు బై పద్నాలుగు. దానికీ మా వంటింటి కిటికీకీ మధ్య ఆరడుగుల సందు మాత్రమే.

పరికరాల సంగతి చెప్తే నవ్వుతారు. మన వడ్రంగులందరూ చేసే ఏర్పాటే నాదీ. మార్బుల్ కట్టరుని ఒక ప్లైవుడ్ బల్ల కింద తిరగేసి బిగించి, బ్లేడు పైకి వచ్చేట్టు చీలిక చేస్తే అదే టేబుల్ సా. అసలు టేబుల్ సాకి దుమ్ము లాగే గొట్టం పెట్టుకోవడానికి వెనకాల ఒక మూతి ఉంటుంది. దీనికి అలాంటిదేం లేదు. బ్లేడు తిరిగినంతసేపూ సగం పొట్టు కిందికి, సగం మన మొహం మీదికి.

అమ్మకి ఆయాసం పాతదే. చలికాలం వస్తే పెరిగేది, ఎండలు ముదిరితే తగ్గేది. ఈసారి ఎండాకాలం వచ్చినా రాత్రిపూట దగ్గు తగ్గలేదు. అయినా నాకు అనుమానం రాలేదు. ఎందుకంటే నా దృష్టిలో నేను చాలా శుభ్రంగా పనిచేసేవాణ్ణి! ఒక వ్యాక్యూమ్ క్లీనర్ కొన్నాను. పని అవగానే షెడ్డంతా లాగేసేవాణ్ణి. నేల అద్దంలా ఉండేది. ఇంకేం కావాలి?

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. మన వృత్తిలో ఒక మంచి అలవాటుంది కదా, ఏదైనా తేడా చేస్తే ముందు లాగ్ చూడ్డం. ఇక్కడ లాగే లేదు. సరే పెడదాం అనుకున్నాను. ప్లాంటవర్ వాళ్ళ పీఎంఎస్5003 అని ఒక చిన్న లేజర్ సెన్సర్ దొరుకుతుంది. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగితే, లేజర్ వెలుతురు రేణువుల మీద పడి చెదిరేదాన్ని బట్టి ఎంత దుమ్ముందో లెక్కకడుతుంది. రెండు సెన్సర్లు, రెండు ఈఎస్‌పీ32 బోర్డులు. ఒకటి షెడ్డులో, ఒకటి వంటింట్లో ఫ్రిజ్ మీద. నిమిషానికోసారి రీడింగ్ నా లాప్‌టాప్‌లో పడేట్టు రాసుకున్నాను. ఇది చెక్క దుమ్ము కోసం కాలిబ్రేట్ చేసిన వస్తువు కాదు కాబట్టి అంకెల్ని అక్షరాలా నమ్మకూడదు. నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చుకోవడానికి మాత్రం చాలు.

పోలికకి ఒక కొలత ఉండాలి కాబట్టి: పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు. మన దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అదే 15 అంది.

శనివారం పొద్దున షెడ్డులో 38 ఉంది. కట్టరు మీద రెండు పలకలు కోశాను, నాలుగొందలు దాటింది. శాండర్‌తో అరగంట రుద్దాను, సెన్సర్ కొలవగలిగే హద్దు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇదంతా ఊహించిందే. నేను ఊహించనివి రెండున్నాయి.

ఒకటి, వంటింట్లో అంకె. నేను పని మొదలుపెట్టిన ముప్పావు గంటకి అక్కడ 140. నేను పని ఆపేసి, స్నానం చేసి, అన్నం తిని, సినిమా చూసి పడుకునేవేళకి కూడా మామూలు స్థాయికి రాలేదు.

రెండోది ఇంకా ఘోరం. పని అయ్యాక కాసేపు దిగుతూ వచ్చిన గీత ఒకచోట నిటారుగా మళ్ళీ పైకి లేచింది. టైం చూస్తే, సరిగ్గా నేను వ్యాక్యూమ్ వేసి శుభ్రం చేసిన పదిహేను నిమిషాలు! అంటే ఇన్నాళ్ళూ నేను చేస్తున్న శుభ్రం ఏంటంటే, నేలమీద పడున్న దుమ్ముని ఒక గొట్టంతో లాగి, గుడ్డ సంచీ గుండా జల్లెడ పట్టి, అందులో అన్నిటికన్నా సన్నటిదాన్ని ఏరి మరీ గాల్లోకి ఊదడం.

(అమ్మకి గ్రాఫు చూపిస్తే ఆవిడ వేరే గుట్టలు పట్టుకుంది. "గిదేంది, పొద్దున ఎనిమిదింటికి పెరిగింది? నువ్వప్పటికి లేవనే లేదుగా?" అది ఆవిడ మిరపకాయల పోపు. "మరి నీదొక్కటే తప్పు కాదు" అని నాకు బెయిలిచ్చేసింది. చూశారా, డేటా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాటే చెప్తుంది :-) )

ఇందులో కిటుకు ఏంటంటే, కంటికి కనపడే పొట్టు వేరు, ఊపిరితిత్తుల్లోకి దిగేది వేరు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి కనపడే పొట్టు అంతకన్నా పెద్దది, ముక్కులోనే ఆగిపోతుంది, లేదా నేలమీద పడుతుంది. 10 మైక్రాన్ల లోపుదే లోపలికి వెళ్తుంది. అది గాల్లో ఎంతసేపుంటుందో చూడండి. గాలి కదలకుండా ఉంటే, 10 మైక్రాన్ల రేణువు రెండు మీటర్ల ఎత్తునుంచి నేలకి చేరడానికి పది నిమిషాల పైన పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకైతే పదిహేను గంటలు. అంటే శనివారం సాయంత్రం నేను కోసిన టేకుని అమ్మ ఆదివారం పొద్దున పోపు పెడుతూ పీల్చుతోందన్నమాట. షెడ్డు శుభ్రంగా కనపడ్డం అనేది, ఎక్సెప్షన్‌ని ఖాళీ క్యాచ్ బ్లాకులో మింగేసి ప్రోగ్రాం క్రాష్ అవట్లేదు కదా అని సంతోషపడ్డం లాంటిది.

ఇక చదవడం మొదలుపెట్టాను, మనకి తెలిసిన విద్య అదే కాబట్టి. క్యాన్సర్ మీద పరిశోధించే ఐఏఆర్‌సీ 1995లోనే చెక్క దుమ్ముని మొదటి వర్గంలో చేర్చింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితా. పొగాకు పొగ ఉన్న వర్గమే. దీని వెనక కథ ఇంగ్లండులో హై వికమ్ అనే ఊరిది. కుర్చీలకి పేరుపడ్డ ఊరు. అక్కడి ఆసుపత్రిలో ముక్కు లోపలి గదుల్లో వచ్చే ఒక అరుదైన క్యాన్సరు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనపడుతోందని, అందులో చాలామంది ఫర్నిచరు పనివాళ్ళేనని 1960లలో గమనించారు. అక్కడ్నుంచి తీగ లాగారు. ఇప్పుడు బ్రిటన్లో గట్టి కర్రల దుమ్ముకి హద్దు ఘనపు మీటరుకి 3 మిల్లీగ్రాములు (2020 నుంచి), యూరప్‌లో 2 (2023 నుంచి). భయపెట్టడానికి చెప్పట్లేదు. అది ఏళ్ళతరబడి రోజంతా పీల్చినవాళ్ళ లెక్క. వారానికి నాలుగు గంటలు సరదాకి కోసుకునే నాలాంటివాడికి అంత ముప్పు ఉండదు. కానీ ఆయాసం, అలర్జీ సంగతి వేరు. వాటికి ఇరవై ఏళ్ళు ఆగక్కర్లేదు. టేకులో, రోజ్‌వుడ్‌లో సహజంగానే కొన్ని రసాయనాలుంటాయి, పురుగు పట్టకుండా కర్రని కాపాడేవి అలాంటివే. చర్మానికి పడనివాళ్ళకి అవి దద్దుర్లు తెప్పిస్తాయి. నా మోచేతుల దురదకి ఎండాకాలం అని పేరుపెట్టుకుని పౌడరు రాసుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏం కొనాలి?

మొదట నాకు ఒక రెండు హెచ్‌పీ డస్ట్ కలెక్టర్ మీద కన్ను పడింది. పెద్ద ఫ్యాను, పైన గుడ్డ సంచీ, కింద ప్లాస్టిక్ సంచీ. దాదాపు బుక్ చేశాను కూడా. ఆగి లెక్కలు వేసుకున్నాక అర్థమయిందేంటంటే, ఈ లోకంలో యంత్రాలు రెండు జాతులు. వ్యాక్యూమ్ క్లీనర్ జాతి సన్నటి గొట్టంలోంచి గట్టిగా లాగుతుంది, కానీ లాగే గాలి తక్కువ, నిమిషానికి వంద ఘనపుటడుగుల చుట్టుపక్కల. అదే సీఎఫ్ఎం అంటారు. డస్ట్ కలెక్టర్ జాతి దానికి సరిగ్గా వ్యతిరేకం. గాలి బోలెడంత, లాగే బలం తక్కువ. సన్నటి గొట్టం తగిలిస్తే చతికిలబడుతుంది. నెట్‌వర్క్ వాళ్ళకి లేటెన్సీ, బ్యాండ్‌విడ్త్ అంటే చప్పున అర్థమవుతుందేమో, ఒకటి బాగుంటే రెండోదీ బాగున్నట్టు కాదు.

గొట్టం సైజు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. పొట్టు గొట్టంలో పడిపోకుండా కొట్టుకుపోవాలంటే గాలి సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో వెళ్ళాలి. ఆ వేగంతో నాలుగంగుళాల గొట్టంలో పట్టేది 350 సీఎఫ్ఎం. ఆరంగుళాల గొట్టంలో 780 పైన. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే దారి రెండుంపావు రెట్లు. డబ్బా మీద 1200 సీఎఫ్ఎం అని రాసి, దానికి నాలుగంగుళాల మూతి పెట్టి అమ్మితే ఏం చెప్పాలి? ఆ 1200 గొట్టమూ సంచీ లేకుండా, ఖాళీ ఫ్యానుతో కొలిచింది. పైగా అమెరికా రివ్యూల్లో అంకెలు 60 హెర్ట్జ్ కరెంటువి. అదే తరహా ఇండక్షన్ మోటారు మన 50 హెర్ట్జ్ మీద ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది, గాలీ ఆ మేరకి తగ్గుతుంది.

ఈ విషయంలో అమెరికాలో బిల్ పెంజ్ అనే ఇంజనీరు మాట చాలామందికి వేదం. ఆయన తన సొంత వర్క్‌షాప్ దుమ్ముకే ఊపిరితిత్తులు దెబ్బతిని, మంచం పట్టి, లేచి, ఈ విషయం మీద పడి చదివి సొంతంగా సైక్లోన్ డిజైన్ చేశాడు. పెద్ద యంత్రాల దగ్గర 1000 సీఎఫ్ఎం ఉండాలంటాడు. అంత కావాలంటే పెద్ద మోటారు, పెద్ద గొట్టాలు. మా ఇంటి మీటరు గుండె ఆగిపోతుంది. కానీ ఆయన చెప్పిన ఇంకో ముక్క నా కళ్ళు తెరిపించింది: వీలుంటే ఆ గాలిని ఫిల్టరు చేసి మళ్ళీ లోపలికి వదలకండి, బయటికే పంపించెయ్యండి.

అమెరికావాళ్ళు, యూరప్‌వాళ్ళు ఎందుకు వేలకి వేలు పోసి ఫిల్టర్లు కొంటారు? బయట మంచు. డబ్బు పోసి వెచ్చబెట్టుకున్న గాలిని నిమిషానికి వెయ్యి ఘనపుటడుగుల చొప్పున బయటికి తోసేస్తే వాళ్ళ జేబు ఖాళీ. అందుకని అదే గాలిని కడిగి కడిగి వాడుకుంటారు. మనకేం ఖర్మ? హనుమకొండలో రేకుల షెడ్డుని ఎవరు వెచ్చబెడతారు? మే నెలలో అదే మనని వేపుతుంది! లోపలి గాలి ఎంత బయటికి పోతే మనకంత సుఖం. నేను వాళ్ళ పరిష్కారం కొనబోయాను, వాళ్ళ సమస్య నాకు లేకుండానే. ఇలాంటివి మన ఆఫీసుల్లో కూడా చాలా చూశాను, సరే అది వేరే కథ.

అంచేత చివరికి చేసింది ఇది. సందు వైపు కాకుండా దానికెదురు గోడలో, రేకుల కింద, 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను. డబ్బా మీద గంటకి 1800 ఘనపు మీటర్లు అని ఉంది, అంటే 1060 సీఎఫ్ఎం. అందులో సగమే నిజమనుకున్నా, పదమూడొందల ఘనపుటడుగులు కూడా లేని నా షెడ్డులో గాలి రెండున్నర నిమిషాలకోసారి మారుతుంది. తలుపు తెరిచే ఉంచాలి, లోపలికి గాలి రావాలి కదా. నేను తలుపుకీ ఫ్యానుకీ మధ్య, ఫ్యానుకి వీపు చూపిస్తూ నిలబడకూడదు. మొదటిరోజు అలాగే చేశాను, అంటే దుమ్ము నా మొహం మీదుగా పోయేట్టు. ఇప్పుడు తలుపు నా వెనకాల, బ్లేడు నా ముందు, ఫ్యాను దాని అవతల.

ఇక పుట్టినచోటే పట్టుకోవడం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. గాల్లో కలిసిపోయాక ఎన్ని ఫ్యాన్లు పెట్టినా మనం కొంత పీల్చాకే అది పోతుంది. కట్టరు కింద చిన్న ప్లైవుడ్ పెట్టె కట్టి, దానికి వ్యాక్యూమ్ గొట్టం తగిలించాను. శాండర్‌కి మూతి కంపెనీవాళ్ళే ఇచ్చారు. పాత వ్యాక్యూమ్‌కి గుడ్డ సంచీ తీసేసి హెపా కార్ట్రిడ్జ్ వేశాను. అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం ఆపేది. అయితే నేరుగా వేస్తే పది నిమిషాల్లో పొట్టుతో మూసుకుపోతుంది, లాగడం మానేస్తుంది. అందుకే మధ్యలో సైక్లోను. మన ఇళ్ళలో రంగులేయించాక మిగిలే 20 లీటర్ల పెయింట్ డబ్బా ఉంటుంది చూడండి, దాని మూత మీద ప్లాస్టిక్ శంకువు బిగించాను. గాలి అందులో గిర్రున తిరుగుతుంటే బరువైన పొట్టు గోడకి కొట్టుకుని కింద డబ్బాలో పడుతుంది, తేలికైనది మాత్రం పైకి ఫిల్టరుకి వెళ్తుంది. మజ్జిగ చిలికినట్టు అన్నమాట. ఒకసారి గొట్టంలో చెక్కముక్క ఇరుక్కుంటే డబ్బా లోపలి గాలంతా లాగేసి, టప్పుమని సొట్టపోయింది. ఇప్పుడు దాని లోపల ఒక ప్లైవుడ్ చట్రం పెట్టాను.

ఒక జాగ్రత్త. పాత కర్రలో మేకులుంటాయి. బ్లేడు మేకుని తాకితే నిప్పురవ్వ, అది పొట్టు డబ్బాలో పడితే లోలోపలే రాజుకుంటుంది, మనం అన్నం తింటున్నప్పుడు మండుతుంది. కోసేముందు అయస్కాంతం పెట్టి చూస్తాను, పని అవగానే డబ్బా ఖాళీ చేసి షెడ్డుకి దూరంగా పోస్తాను.

శాండింగ్ చాలావరకు మానేసి రంద పట్టడం నేర్చుకుంటున్నాను. రందతో వచ్చేది సన్నటి చుట్టలు, అవి గాల్లో తేలవు. ఊపిరితిత్తులకి వంద శాతం ఫిల్టరు, కరెంటు ఖర్చు సున్నా. చీపురు నిషేధం, తడిగుడ్డే. మొహానికి ఎన్95 మాస్కు, అది కోవిడప్పుడు కొన్న డబ్బాలోదే. గడ్డం పెంచినప్పుడు మాస్కు అంచుల్లోంచి గాలి పోతుంది, కాబట్టి గడ్డం కూడా పోయింది.

ఈమధ్య షెడ్డు దర్వాజా సరిచెయ్యడానికి మా వాడకట్టులో ఉండే వడ్ల కాక వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో ఏ కర్ర పనైనా ఆయనదే. నా ఏర్పాటు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఏంది బిడ్డా, పెయింట్ డబ్బాకు తొండం పెట్టినవ్?"

"దుమ్ము గుంజుతది కాకా."

"పొట్టుకు గింత కథా? మేం చిన్నప్పటిసంది పొట్టులనే పండినం, పొట్టులనే లేచినం."

అంతా చెప్పాను. సెన్సరు చూపించాను. ఆయన మార్బుల్ కట్టరుతో ఒక చెక్క కోసి చూపించాడు, అంకె ఎగిరింది. గొట్టం తగిలించి మళ్ళీ కోశాడు, కొంచెమే కదిలింది. మూడోసారి కోశాడు, నమ్మకం కుదరక. "ఎంత పడ్డది?" అన్నాడు. వ్యాక్యూమ్, శంకువు, ఫిల్టరు అన్నీ కలిపి ఏడువేల చిల్లర అన్నాను. కాసేపు ఆలోచించి "ఆరు రోజుల కూలి" అన్నాడు. ఎక్కువ అనలేదు, తక్కువ అనలేదు. లెక్క మాత్రమే చెప్పాడు. తర్వాత దగ్గు వస్తే గోడ వైపు తిరిగి దగ్గాడు.

అప్పుడు నాకు కొండాపూర్‌లో మా అన్నయ్య ఫ్లాటు గుర్తొచ్చింది. నలభై ఐదు రోజుల్లో ఇంటీరియర్ పూర్తి అని ఒప్పందం. ఒక శనివారం చూడ్డానికి వెళ్ళాను. బెడ్‌రూంలో ఉత్తరాది కుర్రాళ్ళు ఐదుగురు ఎండీఎఫ్, ప్లైవుడ్ కోస్తున్నారు. దుమ్ము పక్క ఫ్లాట్లకి వస్తోందని ఫిర్యాదులొస్తే కిటికీలన్నీ మూయించారట. లైటు చుట్టూ పొగమంచులా ఉంది. మొహానికి చేతిరుమాళ్ళు కట్టుకున్నారు, అది 50 మైక్రాన్లని ఆపుతుంది, రెండు మైక్రాన్లని ఆపదు. ఎండీఎఫ్ అంటే చెక్క పీచుని జిగురుతో అదిమిన పలక, దాని దుమ్ము మామూలు కర్రకన్నా సన్నం. ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, దాన్ని కూడా ఐఏఆర్‌సీ 2004లో మొదటి వర్గంలోనే చేర్చింది. రాత్రి ఆ కుర్రాళ్ళు అక్కడే, ఆ గదిలోనే, ప్లైవుడ్ షీట్ల మీద పడుకుంటారు. పదిహేను గంటలు గాల్లో ఉండే రేణువుల సంగతి పైన చెప్పాను కదా.

ఆరోజు మేం అడిగిన ప్రశ్నలు నాకు బాగా గుర్తున్నాయి. ప్లైవుడ్ బీడబ్ల్యూపీ గ్రేడేనా? కీళ్ళు సాఫ్ట్ క్లోజేనా? పిల్లలుంటారు, బోర్డు ఈ0 రకమేనా? ఫార్మాల్డిహైడ్ వాసన మా పిల్లలకి తగలకూడదని అడిగాం, అదే బోర్డు ముక్కుకి అడుగు దూరంలో కోస్తున్నవాణ్ణి ఎదురుగా పెట్టుకుని. నేనూ అడిగాను. అప్పటికే నాకు ఇంట్లో వ్యాక్యూమ్ ఉంది, చెక్కపని తెలుసు అనే గర్వమూ ఉంది.

మీలో చాలామంది ఈ ఏడో వచ్చే ఏడో ఫ్లాటు తీసుకుంటారు, ఎనిమిది లక్షలో పన్నెండు లక్షలో పెట్టి ఇంటీరియర్ చేయిస్తారు. ఒప్పందంలో ఒక లైను రాయించడానికి ఏమవుతుంది? కోత పని బాల్కనీలోనో టెర్రస్ మీదో, కట్టరుకీ శాండర్‌కీ వ్యాక్యూమ్, పనివాళ్ళకి సరైన మాస్కులు, పడక వేరే గదిలో. అన్నీ కలిపినా మనం ఒక చిమ్నీకి పెట్టేదాంట్లో సగం అవదు. కాంట్రాక్టరు గునుస్తాడు, గునవనివ్వండి. వాడు గునిసేది ఖర్చుకి కాదు, ఇంతవరకూ ఎవరూ అడగలేదని. మా అన్నయ్యకి ఈ మాట చెప్తే "అయిపోయాక చెప్తావేంట్రా" అన్నాడు. నిజమే. అయిపోయాకే తట్టింది నాకు.

కాక వెళ్తూ వెళ్తూ డబ్బా లోపల నేను పెట్టిన ప్లైవుడ్ చట్రం తీసి చూసి, "గిదేం కోత బిడ్డా, ఎలుక కొరికినట్టు" అని, పది నిమిషాల్లో గుండ్రంగా, అతుకు కనపడకుండా కొత్తది చేసి పెట్టాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. మాస్కుల డబ్బా ఇచ్చాను. వారం తర్వాత కనపడితే ఒక మాస్కుతో పాలిష్ రుద్దుతున్నాడు! బాగా పీలుస్తుందట. మెల్లగా అదే డబ్బాలోంచి ఇంకోటి తీసి మొహానికి పెట్టాను. నవ్వాడు గానీ తియ్యలేదు, నేనున్నంతసేపైనా.

రెండోసారి చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టరు దగ్గర అమ్మ నోరు తెరిచేలోపే నేనే చెప్పేశాను, చెక్కపని సంగతీ, షెడ్డు సంగతీ. ఆయన ఏమీ తిట్టలేదు. పని జరిగేటప్పుడు వంటింటి కిటికీ మూసి ఉంచమన్నాడు, అంతే. ఇంటికొచ్చేదాకా అమ్మ నాతో మాట్లాడలేదు, తన మాట అబద్ధం చేసినందుకు. ఇప్పుడు వంటింటి సెన్సర్ నేను పనిచేసే రోజున కూడా 50 దాటట్లేదు, పోపు వేళ తప్ప. రాత్రి దగ్గు తగ్గింది. డోసు పెంచినందుకా, దుమ్ము తగ్గినందుకా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, రెండు మార్పులూ ఒకే వారంలో చేశాను. డీబగ్గింగ్‌లో చెయ్యకూడని పని అదే అని తెలిసీ.

ఇంకొక్కటి మిగిలింది. ఎగ్జాస్ట్ ఫ్యాను గాలి నేరుగా వెనకింటి గోడమీదికి వెళ్తోంది. ఆ ఇంటి పెద్దమ్మ మొన్న డాబా మీద వడియాలు పెట్టి, ఏమీ అనకుండా, వాటిమీద ఒక చీర కప్పి నావైపు చూసింది. గొట్టం పెట్టి గాలిని పైకి తిప్పాలి. పన్నెండంగుళాల వంపు ఎక్కడా దొరకలేదు, రేకు పనివాడితో చేయిద్దామని కొలతలు తీసుకున్నాను. వచ్చే ఆదివారం ఆ పనే.